తాళంచెవి నంబరు ముప్ఫై ఒకటి

టాంపెరెలో మా ఐదంతస్తుల భవనానికి
నలభై మూడు తాళంచెవులు.
అన్నీ నా నడుముకే వేలాడతాయి.
ముప్ఫై ఒకటోది బాంబు గదిది.

యుద్ధమొస్తే నూట పదిమంది తలదాచుకోవాలని
ఉక్కు తలుపు బిగించి
అరవై సెంటీమీటర్ల కాంక్రీటు పోశారు.
యుద్ధం రాలేదు.
గురువారం గురువారం నలుగురు కుర్రాళ్ళొస్తారు
నల్ల చొక్కాల్లో, గిటార్లు మోసుకుంటూ.
నెలకి ఎనభై యూరోలు. తొమ్మిదికల్లా ఆపెయ్యాలి.

నాకు సంగీతం తెలీదు.
బాయిలర్ దగ్గితే ఏ వాల్వు పట్టేసిందో చెప్తాను, అంతవరకే.
కానీ తాళం తీసేవాడి చెవిన అన్నీ పడతాయి.

పాడేవాడు యల్మారి.
పాడడమంటే, గొంతులో గులకరాళ్ళు పోసి గిలక్కొట్టడం.
వాడికో సిద్ధాంతముంది:
పైన వినపడేదంతా సరుకట,
కింద మోగేదే సంగీతమట.
తమ పాటని ఎవరైనా కూనిరాగం తీశారంటే
ఆ పాట చచ్చిపోయినట్టేనట.
ఆ మాట చెబుతూనే ఇరవై యూరోలకి
ఓ నల్ల చొక్కా నాకూ అంటగట్టాడు.
అది వేసుకునే మెట్లు తుడుస్తుంటాను. బట్ట గట్టిది.

డ్రమ్ములు తౌనోవి.
శని ఆదివారాలు వాడు స్టాక్‌హోం ఓడలో
తెల్ల కోటు తొడుక్కుని టాంగోలు వాయిస్తాడు.
అది బయటపడ్డ రోజు కాంక్రీటు కూడా అదిరింది.
"అమ్ముడుపోయావు" అన్నాడు యల్మారి.
"అద్దె కట్టాను" అన్నాడు తౌనో.
నిజమే, ఆ ఎనభైలో అరవై వాడివే.
రసీదులు నా దగ్గరున్నాయి.

ఆ ఓడ నేనూ ఎక్కాను, మా ఆవిడ బతికుండగా.
టాంగో మధ్యలో, బాత్రూముల దగ్గర
ఓ లారీ డ్రైవరు గోడకి తలానించి ఏడుస్తున్నాడు.
మొన్న వీళ్ళ కచేరీకి ఇరవయ్యారుమంది వచ్చినప్పుడూ
ఒకమ్మాయి సరిగ్గా అలాగే,
గ్యాస్ మాస్కుల బీరువా పక్కన.
ఎవరి కన్నీళ్ళు ఏ అంతస్తువో
నన్నడిగితే నేనేం చెప్పను?

అసలు సంగతి జనవరిలో జరిగింది.
బయట మైనస్ ఇరవై నాలుగు.
మూడో అంతస్తు హెల్వీ నా తలుపు తట్టింది.
నూలు మిల్లులో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి
రెండు చెవులూ మగ్గాల మధ్యే వదిలేసి వచ్చిన మనిషి.
"మోత ఎక్కువైందా?" అని కాగితం మీద రాశాను.
కాదట.
మూడో పాట మధ్యలో నాలుగు దెబ్బల ఖాళీ ఉండేదట,
ఇప్పుడెవరో దాన్ని పూడ్చేశారట.
"అక్కడే నేను ఒక గుక్క కాఫీ తాగేదాన్ని."

ఆరేళ్ళుగా, గురువారం సాయంత్రాలు
రేడియేటరుకి వీపు ఆనించి కూర్చుంటోంది.
వేడినీళ్ళ పైపు పట్టుకుని
పాట మూడంతస్తులెక్కి
ఆమె వెన్నుపూసల్లోకి దిగుతోంది.
ఎంత మందం పోసినా
పైపుకి చిల్లు పెట్టక తప్పదు కదా.
చెవిటివాడి ముందు శంఖమంటారు.
శంఖానికి మెట్లెక్కడం వచ్చని ఎవరికి తెలుసు?

"రేడియోవాళ్ళకి నువ్వు ఉత్తరం రాస్తావా?" అంది.
ఏ రేడియో?
"దేశమంతా వింటున్న పాటేగా ఇది.
ఇంత మంచి పాట నా ఒక్కదానికే ఎందుకు వేస్తారు?"

యల్మారికి చెప్పాను.
నవ్వబోయి ఆగాడు.
చుట్టేసిన కేబుల్నే మళ్ళీ విప్పి చుడుతూ
చాలాసేపు కూర్చున్నాడు.
ఆ ఖాళీ పూడ్చింది వాడేనట.
జనం అక్కడ చప్పట్లు కొట్టడం మరిగారని,
పాట అందరిదైపోతోందని.

పై గురువారం ఖాళీ తిరిగొచ్చింది.
నాలుగు దెబ్బలు.
తలుపు బయట నాకు
పైపుల్లో నీళ్ళు నడవడం వినపడింది.

మే చివర్లో రేడియేటర్లు ఆపేస్తాం.
చల్లటి ఇనుముకి ఎవరు ఆనుకుంటారు?
జూన్‌లో మెట్ల మీద ఎదురైంది హెల్వీ.
నా చొక్కా మీది వంకర అక్షరాల్ని కాసేపు చూసి
అర్థంకాక వదిలేసి,
"ఆ పాట పాతబడిపోయినట్టుంది,
ఇప్పుడెవరూ వెయ్యట్లేదు" అంది.

సెప్టెంబరులో మళ్ళీ వస్తుందని
కాగితం మీద రాసిచ్చాను.